పలక వెనక చెక్క

బ్రయిలా స్టేషన్‌లో రైలెక్కేటప్పటికి పనాయిత్ లస్కార్ దగ్గరున్న సరుకు ఇంతే: స్పిరు అనే దొంగ పేరుతో ఒక గుర్తింపు కాగితం, పై పెదవికి అతికించిన బూడిదరంగు మీసం, అగ్గిపెట్టెలో ఇమిడే కెమెరా, కోటు జేబులో మూడంగుళాల ఆకురాయి. మొదటి మూడూ ప్రభుత్వం ఇచ్చినవి. ఆకురాయి సొంతం. ఇరవై ఆరేళ్ళు ఇనుము కొని అమ్మిన మనిషికి కెమెరా మీద కన్నా ఆకురాయి మీదే నమ్మకం.

ఇవి కాక ఇంకొకటి కూడా ఉంది. ఆరేళ్ళుగా దాన్ని ఆయన ఎవరికీ చూపించలేదు.

అంతకు గంట ముందు, రేవు వీధి మంగలి షాపులో మీసం అతికించుకుంటుంటే, పక్క కుర్చీలో గడ్డం నిండా సబ్బు నురగతో పడుకున్న మనిషి కళ్ళు తెరవకుండానే మాట్లాడాడు. ఆయన కర్నల్ వర్తొలొమెయ్. సైన్యంలో గూఢచారి విభాగం ఆయన చేతికింద ఉంది. మంగలి కూడా ఆ విభాగం మనిషే.

“కెప్టెన్ దిమా గురువారం రైలు కింద పడ్డాడు.”

“ఫైరింగ్ గ్రౌండ్‌లో ఉక్కు పరీక్షించే దిమానా?”

“అతనే. పడకముందే చచ్చిపోయి ఉన్నాడని డాక్టరు అంటున్నాడు. టోపీ లోపల చీటీ దొరికింది. మూడే మాటలు. ‘పలక సరైంది కాదు.’”

పనాయిత్ అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు.

“విను. హెల్వోర్ కంపెనీ పేరుకి స్విస్‌ది. వెనక ఎవరున్నారో మూడు దేశాల పోలీసులకీ తెలీదు. ఓడిపోతున్న సైన్యాల్ని వెతుక్కుంటూ వెళ్ళి అమ్ముతారు. ఇప్పుడు మనకి యాభై మిల్లీమీటర్ల ట్యాంకు వ్యతిరేక ఫిరంగులు అంటగడుతున్నారు. నాలుగు వందలు. రేపు మధ్యాహ్నం పరీక్ష. శత్రువు ట్యాంకు కవచానికి నకలు అని చెప్పి ఉక్కు పలకలు వాళ్ళే తెచ్చారు. గుండు వాటిని చీలిస్తే జనరల్ మవ్రోదిన్ అక్కడికక్కడే సంతకం పెడతాడు. పెట్టాడా, మనవాళ్ళు తయారుచేస్తున్న డెబ్బై అయిదు మిల్లీమీటర్ల ఫిరంగికి ఇక ఉక్కు దొరకదు. అది అటకెక్కినట్టే.”

“గుండు చీలిస్తే మంచిదేగా?”

“నిజంగా చీలిస్తే మంచిదే. ఆ నిజం ఏమిటో నాకు కావాలి. పరీక్ష అయ్యాక విరిగిన పలకల్ని అక్కడే పాత ఇనుముగా అమ్మేస్తారు కదా. కొనేవాళ్ళు పొద్దున్నే వచ్చి సరుకు చూసుకుంటారు. నువ్వు వాళ్ళలో ఒకడివి. నేను జనరల్ పక్కన ఉంటాను. నా దగ్గరికి మాత్రం రాకు. కంపెనీలో దుబాసీగా పనిచేసే ఆవిడ మన మనిషే. కబురు ఆవిడకి చెప్పు, నాకు చేరుతుంది. ‘గోధుమ తడిసిందా’ అంటుంది. ‘అడుగు బస్తాలే’ అని చెప్పు.”

“ఆవిడ పేరు?”

“స్మరండ.”

మంగలి చేతిలో కత్తెర ఆగింది. “కదలకండి సార్, మీసం వంకర పోతోంది.”

“నన్నే ఎందుకు పంపుతున్నారు కర్నల్‌గారూ?” అన్నాడు పనాయిత్.

“ఇనుముని ఒకసారి తట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడివి ఈ దేశంలో నువ్వొక్కడివే కదయ్యా.”

కర్నల్ ఒక్కసారి కళ్ళు తెరిచి అద్దంలో పనాయిత్ ముఖం చూసి ఉంటే ఈ కథ ఆ కుర్చీలోనే అయిపోయేది. తెరవలేదు.

*

బరగాన్ మైదానంలో ఫిబ్రవరి గాలికి అడ్డమంటూ ఏమీ ఉండదు. రష్యా నుంచి బయల్దేరిన గాలి తిన్నగా మనిషి మెడలోకే దూరుతుంది. ఫైరింగ్ గ్రౌండ్ గేటు దగ్గర పాత ఇనుము కొనేవాళ్ళు ఏడెనిమిది మంది చంకల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళకి హద్దుగా కట్టిన తాడు పక్కన ఒక సార్జెంటు పెట్టె మీద కూర్చుని, మొక్కజొన్న సంకటి ముద్దని ఉల్లిపాయతో నంజుకు తింటున్నాడు. కుడిచేతికి రెండే వేళ్ళు. మిగతావి మంచు తినేసింది.

“ఏం షావుకారూ, కొత్తగా ఉన్నావే,” అన్నాడు. “ఇనుమే కొంటావా, ఇనుముతోబాటు మమ్మల్ని కూడా కొంటావా?”

“నిన్ను కొంటే తూకంలో ఏం వస్తుంది? అన్నీ ఎముకలే,” అన్నాడు పనాయిత్.

సార్జెంటు పకపకా నవ్వి, ముద్దలో సగం విరిచి ఇచ్చాడు. అతని పేరు నికిఫోర్. మధ్యాహ్నం పరీక్షలో ఫిరంగి పేల్చేది అతనే. ఎదురుగా అయిదు వందల మీటర్ల అవతల మంచులో నల్లగా ఒక ట్యాంకు నిలబడి ఉంది. వాలుగా ఉన్న ముఖం, వెడల్పాటి చక్రాల పట్టాలు, ముక్కు మీద రష్యన్ అక్షరాలు.

“అదెక్కడిది?”

“డాన్ నది దగ్గర చిక్కింది. డీజిల్ అయిపోయి వదిలేసిపోయారు. పత్రికలవాళ్ళు దానితో ఫోటోలు దిగుతారు. గీత పడితే ఊరుకోనని జనరల్ దొర ఆర్డర్.” నికిఫోర్ ఉల్లిపాయ కొరికాడు. “దాన్ని నేను అంతకుముందే చూశాను. దాని అన్నదమ్ముల్ని కూడా.”

“నువ్వు డాన్ దగ్గరున్నావా?”

“ఉన్నానా అంటే, సగం ఉన్నాను.” చెయ్యి ఎత్తి చూపించాడు. “మా దళంలో నాలుగు ఫిరంగులు. ముప్ఫై ఏడు మిల్లీమీటర్లవి. నలభై ఒక్క మందిమి. ఫిరంగి డాలు వెనక పట్టిక అతికించి ఉండేది. అయిదు వందల మీటర్ల దూరంలో ఇన్ని మిల్లీమీటర్ల ఉక్కు చీలుస్తుందని. అచ్చువేసిన కాగితం, రాజముద్ర కూడా ఉంది. మా లెఫ్టినెంటు చదువుకున్న కుర్రాడు, కాగితాన్ని నమ్మేవాడు. ‘పేల్చకండ్రా, పేల్చకండ్రా, అయిదు వందలకి రానివ్వండి’ అని ఆపాడు. వచ్చాయి. పేల్చాం. ఇరవై మూడు గుళ్ళు తగిలాయి, నేను లెక్కపెట్టాను. వడగళ్ళు రాలినట్టు టపటపమని రాలిపోయాయి.”

“తర్వాత?”

“తర్వాతేముంది షావుకారూ? అవి ఆగలేదు. ఫిరంగుల మీదుగా, మనుషుల మీదుగా నడుచుకుంటూ పోయాయి. ముగ్గురం మిగిలాం.” వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాడు. “ఆ గుళ్ళు చీల్చలేవని ముందే చెప్పి ఉంటే గోతుల్లో దాక్కుని, వెనకనుంచి పట్టాల మీద కొట్టి ఉండేవాళ్ళం. లేదా పారిపోయేవాళ్ళం. పారిపోతే సిగ్గే గానీ బతుకు ఉండేది. వచ్చే నెల నన్ను మళ్ళీ పంపుతున్నారు, కొత్త ఫిరంగితో. ఈసారి కూడా పట్టిక ఉంది. తిను, సంకటి చల్లారిపోతుంది.”

పనాయిత్ చేతిలోని ముద్దని నికిఫోర్ చూడకుండా మంచులో పడేశాడు.

*

పలకలు పెట్టిన షెడ్డులో కాపలావాడు సిగరెట్ తీసుకుని అటు తిరిగాడు. పలక మందం నలభై అయిదు మిల్లీమీటర్లు, ఏం తేడా లేదు. పనాయిత్ ఆకురాయి తీసి అంచు మీద గట్టిగా లాగాడు. మంచి కవచం ఉక్కు మీద ఆకురాయి కొంచెం పట్టుకుంటుంది, చేతికి ఆ పట్టు తెలుస్తుంది. ఇక్కడ గాజు మీద జారినట్టు జర్రున జారిపోయింది. గీత కూడా పడలేదు.

ఆకురాయి జేబులో పెట్టుకున్నాడు. ఫోటో తీసే అవసరం కనపడలేదు. ఈ పలక ఎలా తయారైందో ఈ భూమ్మీద ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. దీని మొదటి తయారీ ఆయనదే.

1937 మే నెలలో హెల్వోర్ కంపెనీకి బ్రయిలాలో పేరు బయటికి రాని ఏజెంటు పనాయిత్ లస్కార్. ముప్ఫై ఏడు మిల్లీమీటర్ల ఫిరంగికి పరీక్ష. గుండు చిన్నది, పలక మందం. గుండు దూరదని అందరికీ తెలుసు. పనాయిత్ రెండు రోజులు ఆలోచించాడు. ఈ గ్రౌండ్‌లో ఒక అలవాటు ఉంది. పలక వెనక అడుగు దూరంలో పైన్ చెక్క నిలబెడతారు. పేల్చాక సిపాయిలు ఆ చెక్కని మోసుకొచ్చి పెద్దల బల్ల మీద పెడతారు. పెద్దలు బురదలో నడవరు. చెక్కకి చిల్లు ఉంటే జనరల్ అందులో వేలు దూర్చి చూస్తాడు. వేలు దూరితే గుండు కూడా దూరినట్టే లెక్క. పలక దగ్గరికి వెళ్ళి చూసినవాడు లేడు.

అయితే చెక్కకి చిల్లు పడాలంటే గుండే దూరక్కర్లేదు. ఉక్కుని ఎర్రగా కాల్చి, చన్నీళ్ళలో ముంచి, మళ్ళీ కాస్త వేడిచేసి మెత్తబరచకుండా వదిలేస్తే అది పెళుసు తేలుతుంది. గుండు ముందువైపు తగిలి పగిలిపోయినా, ఆ దెబ్బకి వెనకవైపు నుంచి పిడికెడు పెచ్చు ఊడి తుపాకి గుండులా వెళ్ళి చెక్కని పొడుస్తుంది. యుద్ధంలో ఎదురయ్యే ట్యాంకులు ఆ తయారీవి కావు. ఆ సంగతి అమ్మేవాడు ఎందుకు చెబుతాడు?

అప్పట్లో దాన్ని పనాయిత్ తెలివి అనుకున్నాడు. యుద్ధం వస్తుందని అనుకోలేదు. రెండేళ్ళకే వచ్చింది. డాన్ నది నుంచి చావు జాబితాలు రావడం మొదలయ్యాక, అడిగినవాళ్ళు లేకపోయినా వెళ్ళి గూఢచారి విభాగంలో చేరాడు. ప్రాణం మీదికి వచ్చే పనులే ఏరి తీసుకున్నాడు. మూడు పనుల నుంచి బతికి వచ్చాడు. మనసు మీది బరువు తగ్గలేదు.

“గోధుమ తడిసిందా?” అంది వెనకనుంచి ఒక గొంతు.

తలుపులో స్మరండ నిలబడి ఉంది. నక్కతోలు కాలరు, ఎర్రటి చేతితొడుగులు, ఈ ఇనుప పలకల మధ్య బుకారెస్ట్ థియేటర్లో వచ్చే సెంటు వాసన.

“అడుగు బస్తాలే.”

“మీసం బాగా కుదిరింది పనాయిత్‌గారూ. ముప్ఫై ఏడులో ఉండేది కాదు.”

“అప్పుడు నువ్వు కర్నల్ మనిషివి కూడా కాదు.”

“ఇప్పుడూ కాను. కర్నల్‌కి అలా అనుకోవడం ఇష్టం, నేనెందుకు కాదనాలి?” తొడుగు విప్పి పలక మీద వేలితో రాసింది. “చన్నీళ్ళ పలక. మీ పేరే పెట్టాం దీనికి. లస్కార్ పలక అంటాం ఆఫీసులో.”

“దిమాని ఎవరు చంపారు?”

“నాకు తెలీదు. తెలుసుకోకపోవడం వల్లే నేనింకా ఉన్నాను.” ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె కళ్ళు నేలకి దిగాయి. “మంచివాడు. నాకోసం ఒకసారి చలిలో గంట నిలబడ్డాడు. అది వదిలెయ్యండి. కర్నల్‌కి ఏం చెప్పమంటారు?”

“పలక మోసమని.”

“పలక బాగుందని చెప్తాను. మీరు కాదంటే మా కంపెనీ ప్రతినిధి కోర్ట్‌నర్ సంచీలో ఒక కాగితం ఉంది. ముప్ఫై ఏడులో పలకలు సరఫరా చేసినందుకు మీరు చేసిన సంతకం. మీరు నోరు విప్పితే నేను ఆ సంచీ విప్పుతాను. యుద్ధకాలంలో దానికి శిక్ష ఏమిటో మీకు తెలుసు. ఊరికే ఉన్నారా, సాయంత్రం రైలెక్కి బ్రయిలా వెళ్ళిపోతారు.”

“అంతేనా?”

“అంతే. ఆరేళ్ళు ఊరుకున్నారు కదా, ఇంకో గంట ఊరుకోలేరా?”

ఆమె వెళ్ళిపోయింది. బయట కంపెనీ డ్రైవర్ ఒకడు తలుపుకి ఆనుకుని ఉన్నాడు. ఎద్దులాంటి మనిషి. కుడిచెయ్యి కోటు జేబులోంచి బయటికి తియ్యలేదు.

*

పన్నెండున్నరకి పెద్దలు వచ్చారు. పందిట్లో బల్ల మీద ప్లం సారా, జున్ను, వేడి రొట్టె. జనరల్ మవ్రోదిన్ నడుమ కూర్చున్నాడు. కుడిపక్క కర్నల్, ఎడమపక్క హెల్వోర్ ప్రతినిధి కోర్ట్‌నర్. అతని వెనక దుబాసీ స్మరండ.

తాడు వెనక ఇనుపవాళ్ళ మధ్య పనాయిత్. ఆయన వెనక డ్రైవర్. జేబులోని గట్టి వస్తువు పనాయిత్ వీపుకి తగులుతోంది. కర్నల్ ముఖం ఇరవై అడుగుల దూరంలో ఉంది, కానీ ఆ కళ్ళు స్మరండ మీద ఉన్నాయి. ఆమె సన్నగా తల ఊపింది. ‘అంతా బాగుంది.’ కర్నల్ ఊపిరి వదిలి గ్లాసు అందుకున్నాడు.

నికిఫోర్ రెండు వేళ్ళతోనే గురి సరిచేసి ఫిరంగి పేల్చే తాడు లాగాడు. అయిదు గుళ్ళు. అయిదూ తగిలాయి. పలక మోగిన ప్రతిసారీ పనాయిత్ చెవికి తెలుస్తూనే ఉంది. దూరిన మోత కాదది, పగిలిన మోత. సిపాయిలు చెక్క మోసుకొచ్చారు. అయిదు చిల్లులు. జనరల్ లేచి, ఉంగరం ఉన్న వేలు మొదటి చిల్లులో దూర్చి, పైకెత్తి ఊపాడు.

“దూరింది!”

పందిట్లో చప్పట్లు. కోర్ట్‌నర్ కాగితాలు పరిచాడు. కలం మూత తీశాడు.

అలవాటు ప్రకారం సంతకానికి ముందు దీవెన. పల్లె చర్చి నుంచి వచ్చిన గడ్డం ఫాదరు, తులసికొమ్మలాంటి రెమ్మని రాగి గిన్నెలోని పవిత్ర జలంలో ముంచి, ఫిరంగి మీద, చెక్క మీద, జనం మీద చల్లుకుంటూ వస్తున్నాడు. ఆయన దగ్గరికి రాగానే అందరూ టోపీలు తీసి తల వంచారు. డ్రైవర్ ఒక్కడే తియ్యలేదు. టోపీ తీశాక శిలువ గుర్తు వేసుకోవాలి, దానికి జేబులో కుడిచెయ్యి బయటికి రావాలి.

“ఒరేయ్, నెత్తిమీద గూడు కట్టుకున్నావా? టోపీ తియ్యి!” అన్నాడు పక్కనున్న ముసలి ఇనుపాయన.

“ఫాదరు ముందు టోపీయా? ఎక్కడి మనిషివిరా నువ్వు?” ఇంకొకడు వాడి టోపీ మీద ఒక్కటి ఇచ్చాడు. టోపీ మంచులో పడింది. వాడు దానికోసం రెండు చేతులూ చాపి వంగాడు.

పనాయిత్ తాడు దాటాడు.

నిజానికి ఆ క్షణంలో ఆయనకి రెండు దారులూ కనిపించాయి. పక్కకి తిరిగితే గేటు, బండి, రైలు. ముందుకి నడిస్తే ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులూ ఆయన పరిగెత్తలేదు, నడిచాడు.

“సంతకం ఆపండి దొరా!”

కలం కాగితానికి అంగుళం ఎత్తున ఆగింది.

“ఎవడు వీడు?”

“ఇనుము కొనేవాణ్ణి. ఆ చెక్కని పొడిచింది గుండు కాదు. పలక వెనక ఊడిన పెచ్చు. పలక పెళుసుది. వెళ్ళి చూడండి, గుండు ముందువైపే పగిలి మంచులో పడి ఉంటుంది.”

కోర్ట్‌నర్ నవ్వి ఏదో అన్నాడు. స్మరండ గొంతులో వణుకు లేకుండా తెలియజేసింది. “పాత ఇనుము రేటు తగ్గించడానికి ఎత్తు అంటున్నారు.”

పందిట్లో నవ్వులు. కర్నల్ మాత్రం నవ్వలేదు. తెల్లబోయి స్మరండ వంక చూశాడు. “దొరా, ఈయన నా మనిషి,” అన్నాడు.

“నీ మనిషయితే మాత్రం?” జనరల్ ముఖం ఎర్రబడింది. “చెక్క అబద్ధమాడుతుందా? నా వేలు అబద్ధమాడుతుందా? పాతికేళ్ళుగా చూస్తున్నాను నేను. నీకెలా తెలుసయ్యా ఈ పెచ్చు సంగతి?”

పనాయిత్ మీసం ఊడబెరికాడు. చర్మం మంట పుట్టింది.

“నేనే చేశాను కాబట్టి. ముప్ఫై ఏడు మే నెలలో, ఇదే గ్రౌండ్‌లో, ఇదే కంపెనీకి. నా పేరు పనాయిత్ లస్కార్. అప్పుడు కూడా మీరు ఇలాగే వేలు దూర్చారు. ఆ ముప్ఫై ఏడు మిల్లీమీటర్ల ఫిరంగులు డాన్ దాకా వెళ్ళాయి. వాటి డాలు మీద అతికించిన పట్టిక నా పలకల మీద తయారైందే.”

 గాలికి కాగితాలు రెపరెపలాడాయి. ఫిరంగి పక్కన నికిఫోర్ నిలువునా లేచి నిలబడ్డాడు. పనాయిత్ అటు చూడలేదు.

“నా సంతకం ఉన్న కాగితం ఆయన సంచీలో ఉంది. చూసుకోండి. కాగితం కూడా వద్దంటే ఒక పని చెయ్యండి. అదిగో, నిజమైన ట్యాంకు. ఈ ఫిరంగితో దాని ముఖం మీద కొట్టించండి.”

“ఆ ట్యాంకు ప్రదర్శన వస్తువు,” అంది స్మరండ, కోర్ట్‌నర్ తరఫున గబగబా. “ఒప్పందంలో అది లేదు. కంపెనీ అభ్యంతరం చెబుతోంది.”

జనరల్ మొండివాడే గానీ మూర్ఖుడు కాడు. మెల్లగా కోర్ట్‌నర్ వైపు తిరిగాడు. “అభ్యంతరమా? మీ ఫిరంగికి అదెంత పని?” తర్వాత పనాయిత్‌తో, “నా ట్యాంకుకి చిల్లు పడితే? నువ్వు చెప్పింది అబద్ధమని తేలితే?”

“అది తేల్చడానికి నేను అందులో కూర్చుంటాను.”

*

ట్యాంకు లోపల అయిదు వందల మీటర్ల అవతలి మాటలు వినపడవు. మసి వాసన, గడ్డకట్టిన నూనె వాసన. సీటు కింద ఎవరిదో ఒంటి ఉన్ని తొడుగు. పనాయిత్ మూత వేసుకుని లెక్క వేశాడు. ముందు పలక నలభై అయిదు మిల్లీమీటర్లే, కానీ వాలుగా ఉంది. వాలు వల్ల గుండు దాటాల్సిన ఉక్కు దాదాపు రెట్టింపు. యాభై మిల్లీమీటర్ల గుండు ఇంత దూరం నుంచి దాన్ని దాటదు. నూటికి తొంభై పాళ్ళు దాటదు.

అయితే అది ముఖం మీద తగిలితే. పైన ఫిరంగి బిగించిన బురుజు కింద, అది తిరిగే చోట సన్నని సందు ఉంది. అక్కడ గురిచూసి కొట్టేవాడు కొడితే అంతా అయిపోతుంది. ఫిరంగి దగ్గరున్నవాడు గురి తప్పేవాడు కాదు. నలభై ఒక్క మందిలో ముప్ఫై ఎనిమిది మంది లెక్క ఎవరి పేరున పడాలో అతనికి పది నిమిషాల క్రితమే తెలిసింది.

ఆ లెక్కలో పనాయిత్‌కి తప్పేమీ కనిపించలేదు. కొడితే న్యాయమే. కళ్ళు మూసుకున్నాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు.

మొదటిది గుడిగంటలోపల తల పెట్టినట్టు మోగింది. పళ్ళు కదిలాయి. రెండోదానికి లోపలివైపు చిన్న పెచ్చు ఊడి ఎడమ చెవి పైభాగాన్ని తీసుకుపోయింది. వెచ్చగా మెడమీదికి కారింది. మూడోది మీదుగా జారి, అరుచుకుంటూ ఆకాశంలోకి పోయింది. నాలుగోదీ జారింది. అయిదోది ఎప్పుడు తగిలిందో ఆయనకి వినపడలేదు. అప్పటికే ఆ చెవి పనిచెయ్యడం మానేసింది, రెండోది హోరెత్తిపోతోంది.

మూత ఎత్తి బయటికి వచ్చేసరికి పెద్దలందరూ మంచులో నడుచుకుంటూ వస్తున్నారు. జనరల్ బూట్లు బురదయ్యాయి. ట్యాంకు ముఖం మీద అయిదు మెరిసే గాట్లు ఉన్నాయి. జనరల్ వేలు పెట్టి చూశాడు. గోరు మేర కూడా దూరలేదు. ఆ వేలినే చాలాసేపు చూసుకున్నాడు.

“ఇంతకాలం ఎవరమూ ఇక్కడిదాకా నడిచి రాలేదు,” అన్నాడు ఎవరితోనూ కాకుండా.

వెనక్కి వెళ్ళేసరికి కోర్ట్‌నర్‌నీ, డ్రైవర్‌నీ కర్నల్ మనుషులు కారు దగ్గరే పట్టుకున్నారు. సంచీ బల్ల మీద తెరిచి ఉంది. దాన్ని తెరిచింది స్మరండే. పనాయిత్ కాగితంతోబాటు, దిమా సంగతి చూడమని డ్రైవర్‌కి కోర్ట్‌నర్ రాసిన చీటీ కూడా తీసి పైన పెట్టింది. ఆ తర్వాత ఆమె ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. కుర్చీలో సెంటు వాసన మాత్రం ఉంది.

మిలిటరీ పోలీసులు వచ్చేలోపు నికిఫోర్ పనాయిత్ చెవికి గుడ్డ కట్టాడు. రెండు వేళ్ళతో ముడి వెయ్యడానికి తంటాలు పడ్డాడు.

“అంతసేపు ఎందుకు పట్టింది?” అడిగాడు పనాయిత్.

“బురుజు కింద సందు చూస్తూ ఉండిపోయాను షావుకారూ. చాలాసేపు చూశాను. ఒక్క గుండు చాలు.”

“మరి కొట్టలేదే?”

“కొట్టి ఉంటే ట్యాంకు చీలేది. ట్యాంకు చీలితే దొర ఆ నాలుగు వందల ఫిరంగులూ కొనేవాడు. వాటిలో ఒకటి నాకిచ్చేవాడు.” ముడి గట్టిగా బిగించాడు. “నిన్ను క్షమించానని అనుకోకు.”

“అనుకోను.”

“అయితే సరే.” లేచి వెళ్ళిపోయాడు. తిరిగి చూడలేదు.

*

చివరికి లెక్క ఇలా తేలింది. జనరల్ పెట్టని సంతకం ఒకటి. పనాయిత్ చేసిన పనినీ, దాన్ని తనే ఒప్పుకోవడాన్నీ కలిపి తూచి సైనిక న్యాయస్థానం వేసిన శిక్ష తొమ్మిదేళ్ళు. డెబ్బై అయిదు మిల్లీమీటర్ల ఫిరంగికి ఉక్కు దొరికింది, ఆలస్యంగా, కావలసిన దానిలో సగం. నికిఫోర్ దళానికి మొదటి నాలుగు వెళ్ళాయి. అతను బతికున్నాడో లేదో జైలుకి కబురు రాలేదు, అడిగే హక్కు తనకుందని పనాయిత్ అనుకోలేదు. చనిపోయిన ముప్ఫై ఎనిమిది మంది లెక్కలో అలాగే ఉన్నారు. వాళ్ళకి ఎదురుగా ఏది పెట్టి కొట్టివేసినా తూకం సరిపోలేదు.

జైల్లో మొదటి రోజు ఉదయం కిటికీ ఊచల్ని వేలి కణుపుతో ఒక్కొక్కటీ తట్టి చూశాడు. ఉన్న ఒక్క చెవికీ తెలిసిపోయింది. మెత్తని నాసి ఇనుము, నెల రోజులు ఓపిక పడితే వంగిపోతుంది. ఎవడో వ్యాపారి ప్రభుత్వాన్ని నిలువునా ముంచాడు.

పనాయిత్ వెంటనే వార్డరుని పిలిచి, ఊచలు మార్పించమని చెప్పాడు.